గోడ మీద చిటికి: చూపు తగ్గిన కంటికి కనబడిన రంగుల కేసు

కంటికి ఎరుపు కనబడాలంటే ఎదురుగా ఎర్రటి వస్తువు ఉండి తీరాలా? కంటి వైద్యం చేసేవారు ఈ ప్రశ్నను తత్వశాస్త్రం వాళ్లకు వదిలేసి ఊరుకోలేరు. చూపు చాలావరకు పోయిన మనిషి వచ్చి గోడ మీద రంగుల డిజైన్లు కనబడుతున్నాయని చెప్పినప్పుడు, ఈ ప్రశ్నకు మన మనసులో ముందే ఉన్న జవాబును బట్టి మందు చీటీ మారిపోతుంది. వస్తువు లేదు కాబట్టి చూడటమూ లేదు అనుకుంటే ఆ మనిషి చెప్పేది మతి తప్పిన మాట అవుతుంది, మానసిక రోగాల మందులు మొదలవుతాయి. ఈ కేసులో మొదట జరిగింది అదే. పేషెంటును గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం.

నేపథ్యం

డెబ్బై దాటిన పెద్దాయన. నల్లగొండ వైపు ఒక చేనేత ఊరు. వయసులో ఉన్నప్పుడు మగ్గం నేశాడు, ఆ తర్వాత చాలా ఏళ్లు చిటికి (ఇక్కత్) కట్టిన నూలుకు రంగులు అద్దే పని చేశాడు. పోచంపల్లి, పుట్టపాక వైపు పని తెలిసినవారికి ఇందులో ఎంత లెక్క ఉంటుందో తెలుసు. చీర మీద కనబడే డిజైన్ నేతలో పుట్టదు. ఆసు పోసిన నూలు మీద గ్రాఫు ప్రకారం గుర్తులు పెట్టి, రంగు పట్టకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, ఒక్కో రంగుకు విడిగా ముంచి తీస్తారు. నాలుగు నూళ్లు అటు ఇటైతే గడి అంచు చెదురుతుంది. ఆ పని చేసిన మనిషి రంగుల గురించి చెప్పే మాట మామూలు పేషెంటు మాటలా ఉండదు. ఉత్త "ఎరుపు" అని ఊరుకోడు, ఒక్క ముంపు ఎరుపా రెండు ముంపుల ఎరుపా చెబుతాడు. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి వీలు కలిగింది దానివల్లే.

రెండు కళ్లలోనూ నీటికాసులు (గ్లకోమా) ఎనిమిదేళ్లుగా ఉన్నాయి. చుక్కల మందు కొన్నాళ్లు వేసుకోవడం, కొన్నాళ్లు మానేయడం. కంటి నరం ఎంత దెబ్బతిందో చెప్పే కప్-డిస్క్ నిష్పత్తి రెండు కళ్లలోనూ 0.9, అంటే నరం చాలావరకు దెబ్బతింది. కుడి కంటి చూపు 6/60, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగేది 6 మీటర్ల దగ్గరికి వస్తేనే కనబడుతుంది. ఎడమ కంటితో మీటరు దూరంలో వేళ్లు లెక్కపెట్టగలడు, అంతే. దానికి తోడు రెండు కళ్లలోనూ బాగా ముదిరిన గోధుమ రంగు శుక్లాలు, మన దగ్గర మోతిబిందు అంటారే, అవి. షుగరు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. సాయంత్రం ఒక సీసా కల్లు చాలా ఏళ్ల అలవాటు.

ఏం కనబడుతోంది

ఆయన మాటల్లోనే: "సారు, గోడ మీద చిటికి చీర పరిచినట్టు కనబడ్తది. గళ్లు గళ్లు, ఎరుపు, నలుపు, నడిమిట్ల తెలుపు. నా చెయ్యి నాకే సక్కగ అవుపడదు గని, గా గళ్లు మాత్రం దారం దారం లెక్కపెట్టొచ్చు."

ఎడమ కంటి చూపు బాగా పడిపోయిన కొన్ని వారాలకు మొదలైంది. మొదట గళ్లే. తర్వాత ముఖాలు వచ్చాయి: పెద్ద కళ్లు, పెద్ద పళ్లు, ఎవరివో తెలియవు. ఆ తర్వాత జానెడెత్తు మనుషులు, ఆయన ఎన్నడూ చూడని టోపీలు, బట్టలు వేసుకుని గోడ పొడవునా నడిచిపోతారు. మాట లేదు, చప్పుడు లేదు, వాసన లేదు. ఎక్కువగా మసక వెలుతురులో, ఒంటరిగా కూర్చున్నప్పుడు, కరెంటు పోయినప్పుడు వస్తాయి. కొన్ని నిమిషాలు ఉంటాయి, ఒక్కోసారి గంట. ఇవి కాక అప్పుడప్పుడు నేల మీద ఒక నీలం పరుచుకుంటుంది. ఆ నీలం గురించి ఆయన పదే పదే చెప్పాడు. అంత శుభ్రమైన నీలం ఏ తొట్టిలోనూ తీయలేదట.

మొదట్లో ఒకసారి, వచ్చినవాళ్లకు నీళ్లు ఇవ్వమని కోడలిని కేకేశాడు. ఇంట్లో భయం అప్పుడే మొదలైంది. వచ్చినవాళ్లు నిజంగా లేరని రెండు మూడు రోజుల్లోనే ఆయనకు తెలిసిపోయింది. అయినా ఆ ఒక్క కేక ఇంట్లోవాళ్ల చెవుల్లో నిలిచిపోయింది.

మా దగ్గరికి రాకముందు ఏం చేశారు

గాలి సోకిందని రక్షరేకు కట్టించారు, దర్గాకు తీసుకెళ్లారు. దానివల్ల నష్టం జరగలేదు. పక్కన నలుగురు ఉన్న ఆ రోజుల్లో దృశ్యాలు తగ్గాయని కొడుకు చెప్పాడు. అది నిజమే అయ్యుంటుంది, మనుషుల మధ్య మాటల్లో ఉన్నప్పుడు ఈ దృశ్యాలు తగ్గడం మామూలే.

నష్టం చేసింది తర్వాతి అడుగు. ఒక చోట మతి భ్రమ అని మానసిక రోగాల మందు హాలోపెరిడాల్ 1.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, దానివల్ల ఒళ్లు బిగియకుండా తోడుగా ట్రైహెక్సిఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు రాశారు. గళ్లు తగ్గలేదు. కాళ్లు చేతులు బిగుసుకుపోయాయి, అడుగు చిన్నదైంది, గడప దగ్గర పడబోయాడు. పైగా ట్రైహెక్సిఫెనిడిల్ పెద్ద వయసులో తికమకను పెంచుతుంది, లేని దృశ్యాలను అదే తెప్పించగలదు. కంటి లోపలి నీరు బయటికి పోయే కోణం ఇరుకుగా ఉన్నవారిలో నీటికాసుల ఒత్తిడిని ఒక్కసారిగా ఎగదోయగలదు. ఈయనకు కోణం తెరిచే ఉంది కాబట్టి గండం తప్పింది.

అందరూ చెప్పిన ఇంకో మాట ఉంది: "అక్కడేం లేదు, నువ్వు చూస్తలేవు." ఇందులో మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. ఆయన చూస్తున్నాడు. తను చూస్తున్నదాన్ని చూడటం లేదని పది మంది అంటే మనిషికి రెండే దారులు, తనకు పిచ్చి అని ఒప్పుకోవడం లేదా చెప్పడం మానేయడం. ఆయన చెప్పడం మానేశాడు. నిద్ర, తిండి తగ్గాయి.

ఏది కాదో తేల్చుకోవడం

ఈ ప్రాంతంలో మొదట అడగాల్సింది కల్లు గురించి. దక్షిణ తెలంగాణలో కల్తీ కల్లులో అల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలపడం కొత్త సంగతి కాదు. 2015లో కట్టడి చేసినప్పుడు మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఒక్కసారిగా కల్లు ఆగిపోయి వణుకు, మూర్ఛ, లేనివి కనబడటంతో ఆస్పత్రుల పాలయ్యారు. అందుకే "తాగుతారా" అని అడిగితే సరిపోదు. ఎక్కడి కల్లు, ఎన్ని సీసాలు, చివరగా ఎప్పుడు, ఒక రోజు తప్పితే ఒంట్లో ఎట్లా ఉంటుంది అని అడగాలి. ఆగినందువల్ల వచ్చే దృశ్యాలు మానేసిన కొద్ది రోజుల్లోనే వస్తాయి. చెమట, వణుకు, నిద్ర పట్టకపోవడం తోడుంటాయి, మనిషికి తేదీ, చోటు తెలియకుండా పోతాయి. ఈయన తాగిన రోజూ తాగని రోజూ గళ్లు ఒకేలా ఉన్నాయి, తెలివి తేటగా ఉంది. కల్లు కారణం కాదనుకున్నాం. అయినా ఒక్కసారిగా మానొద్దు, మెల్లగా తగ్గించమన్నాం.

చుక్కల మందుల్లో బ్రిమోనిడిన్ ఉంది. పెద్దవారిలో అది లేని దృశ్యాలు తెప్పించిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. దాన్ని ఆపి డార్జోలమైడ్‌కు మార్చాం. ఒత్తిడి అదుపులోనే ఉంది, గళ్లూ అట్లాగే ఉన్నాయి. ఆ అనుమానం అక్కడితో తీరింది.

సోడియం, బి12, థైరాయిడ్, షుగరు, మూత్రం పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఎంఆర్ఐలో మెదడు వెనక భాగంలో పాత దెబ్బ ఏదీ లేదు. మెదడులోని చూపు ప్రాంతం నుంచి వచ్చే మూర్ఛలో రంగు చుక్కలు, వలయాలు కనబడతాయి కానీ అవి కొన్ని సెకన్లో ఒకటి రెండు నిమిషాలో ఉంటాయి, ప్రతిసారీ అచ్చం ఒకేలా వస్తాయి. ఇవి అట్లా లేవు.

అన్నిటికంటే చిక్కైంది లూయీ బాడీ మతిమరుపు వ్యాధి. అందులోనూ మనుషులు కనబడతారు, ఒళ్లు బిగుస్తుంది. ఈయనకు బిగుతు ఉంది, కానీ అది హాలోపెరిడాల్‌తో వచ్చిందా, వ్యాధితో వచ్చిందా? మందు మీద ఉన్నంతకాలం ఎవరూ తేల్చలేరు. పైగా ఆ వ్యాధి ఉన్నవారికి హాలోపెరిడాల్ ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి రెండు మాత్రలూ ఆపించి, ఆరు వారాలు ఆగి మళ్లీ చూశాం. అందాకా ఏ రోగం పేరూ చీటీ మీద రాయలేదు. బిగుతు పూర్తిగా పోయింది. రోజులో తెలివి హెచ్చుతగ్గులు కావడం, నిద్రలో చేతులు విసరడం లేవని కోడలు చెప్పింది. చూపుతో పని లేని ప్రశ్నలే వేశాం: వారాలు వెనక నుంచి చెప్పడం, ఐదు మాటలు కొంతసేపటికి గుర్తు చేసుకోవడం, నూరులోంచి ఏడు తీసుకుంటూ పోవడం. అద్దకంలో లెక్కలు చేసిన మనిషి, ఏడుల తీసివేత మాకంటే వేగంగా చేశాడు. చూపు తక్కువున్నవారికి బొమ్మ గీయించే మతిమరుపు పరీక్షలు పెడితే మార్కులు పోయేది కంటి వల్ల, నింద పడేది బుద్ధి మీద. ఆ పొరపాటు చాలా చోట్ల జరుగుతోంది.

మిగిలింది చార్లెస్ బోనే సిండ్రోమ్: చూపు తగ్గినవారికి, మతి బాగుండగానే, లేనివి కనబడే స్థితి. 1760లో జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త బోనే తన తాత గురించి రాశాడు: శుక్లాలతో చూపు పోయిన ఆ ముసలాయనకు మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనబడేవి, అవి లేవని ఆయనకు తెలుసు. మన పెద్దాయన సంగతీ అంతే.

కుర్చీలోనే చేసిన పరీక్షలు

పేరు పెట్టేస్తే పని అయిపోదు. ఆయనకు నమ్మకం కలిగేది ఆయన తనంతట తాను పరీక్షించి చూసుకున్నదాని మీదే. గళ్లు కనబడుతున్న సాయంత్రం వేళ రమ్మని, గదిలో వెలుతురు తగ్గించి ఈ పరీక్షలు చేశాం.

కళ్లు మూయించాం. మూడు నాలుగు సెకన్లలో గళ్లు పోయాయి, తెరిస్తే మళ్లీ వచ్చాయి. ఇది కలలాంటిదే కానీ కల కాదని ఆయనే అన్నాడు.

+10 డయాప్టర్ల అద్దం, అంటే చాలా ఎక్కువ పవరున్నది, కంటి ముందు పెట్టాం. చార్టులోని పెద్ద అక్షరం కూడా కరిగిపోయింది. గళ్ల అంచులు అట్లాగే పదునుగా ఉన్నాయి. అద్దం తీసి పెట్టి, తీసి పెట్టి ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

ముదురు పసుపు ఫిల్టరు పెట్టాం. తెల్ల కాగితం పసుపైంది. గళ్ల మధ్య తెలుపు తెలుపుగానే ఉంది.

చూపును పక్కకు తిప్పమంటే గళ్లు చూపుతో పాటు జరిగాయి. చిన్న మనుషులు మాత్రం గోడ దగ్గరే ఉన్నారు, చెయ్యి చాపగానే మాయమయ్యారు. ఈ తేడాకు మా దగ్గర గట్టి వివరణ లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. కనురెప్ప మీద నొక్కి బొమ్మ రెండవుతుందా అని చూసే పాత పరీక్ష ఒకటుంది. నీటికాసులున్న కంటిమీద అది చేయకూడదు.

అద్దం పరీక్షలో ఉన్న తర్కం చూడండి. బయటి నుంచి వచ్చేది ఏదైనా కాంతి రూపంలో అద్దం గుండా, కంటి కటకం గుండా వచ్చి కంటి లోపలి తెర అయిన రెటీనా మీద పడాలి. దారిలో అద్దం మారిస్తే అది మారాలి. గళ్లు మారలేదంటే అవి ఆ దారిలో వచ్చినవి కావు. కంటిలో తేలే నలుసులను, వెంట్రుకల లాంటి నీడలను దీనితో కలపొద్దు. నలుసు బయటి ప్రపంచంలో లేకపోయినా కంటి జెల్లీలో వస్తువుగా ఉంది, దాని నీడ రెటీనా మీద పడుతుంది. ఈ గళ్లకు ఆ నీడ కూడా లేదు.

పని చేసినవి

మొదట, మాట. "మీరు చూస్తున్నది నిజంగానే చూస్తున్నరు. అక్కడ వస్తువు లేదు. రెండూ నిజమే. కలలో రంగులు చూసినప్పుడు కండ్లు మూసే ఉంటయి గదా. రంగును తయారుచేసేది ఎప్పుడూ మెదడే. ఇన్నాళ్లు కంటి నుంచి వచ్చే సమాచారంతో చేసింది, ఇప్పుడు సమాచారం తగ్గితే తనంతట తాను చేస్తున్నది." కొడుకు, కోడలు పక్కనుండగానే చెప్పాం. ఆయన అడిగింది ఒక్కటే: "గట్లయితే నాకు పిచ్చి లేదన్నట్టేనా?" లేదని ముగ్గురి ముందూ చెప్పాం. ఆ రాత్రి నుంచి నిద్ర పట్టింది. గళ్లు తగ్గలేదు, వాటి భయం తగ్గింది. ఈ స్థితిలో చాలామందికి ఇంతకు మించిన మందు అక్కర్లేదు.

ఆ మాట ఊరడింపు కోసం అల్లింది కాదు. 1968లో బ్రిండ్లీ, లెవిన్ అనే పరిశోధకులు చూపు పోయిన ఒక మహిళ మెదడు వెనక భాగంలో ఎలక్ట్రోడ్లు అమర్చి కరెంటు ఇస్తే ఆమెకు వెలుగు చుక్కలు కనబడ్డాయి. 1998లో ఫిట్చ్ బృందం ఇదే సిండ్రోమ్ ఉన్నవారిని ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి చూస్తే, రంగులు కనబడుతున్న సమయంలో మెదడులో రంగుకు సంబంధించిన భాగమే చురుగ్గా ఉంది. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో చూపు బాగున్న 13 మందికి ఐదు రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచితే 10 మందికి లేని దృశ్యాలు కనబడ్డాయి.

రెండోది వెలుతురు. ఆయన కూర్చునే మూలలో పాత సన్నబల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టించాం. కంటికి ఎదురుగా కాకుండా భుజం వెనక నుంచి పడేట్టు ఉండాలి, లేకపోతే శుక్లం వల్ల మిరుమిట్లు పెరుగుతాయి. పొద్దు గూకకముందే వేయమన్నాం. రేడియో, మనుషుల మాట ఉండేట్టు చూడమన్నాం.

మూడోది కళ్ల కదలిక. దృశ్యం మొదలుకాగానే తల కదపకుండా, గోడ మీద మీటరు ఎడంగా రెండు చోట్లు ఊహించుకుని, సెకనుకు ఒకసారి చొప్పున చూపును కుడికీ ఎడమకీ పదిహేను సెకన్ల పాటు తిప్పాలి. కొద్దిగా ఆగి మళ్లీ. నాలుగైదు విడతలకు పోకపోతే ఆపేయాలి, ఇంకా చేస్తే అలసటే. గళ్ల మీద ఇది సుమారు సగం సార్లు పనిచేసింది, ముఖాల మీద అంతగా లేదు.

నాలుగోది శుక్లం ఆపరేషన్, కుడి కంటికి. ఇది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. నీటికాసులు ఇంత ముదిరిన కంటికి ఆపరేషన్ చేస్తే మిగిలిన కాస్త మధ్య చూపు కూడా పోయే ప్రమాదం ఉంది. అరుదే కానీ ఉంది. మరోవైపు ఆ గోధుమ శుక్లం ఉన్నంతకాలం మెదడుకు వెళ్లే సమాచారం పెరగదు. మధ్య చూపు ఎంత మిగిలిందో కొలిచే 10-2 ఫీల్డ్ పరీక్షలో మధ్య భాగం ఇంకా నిలిచి ఉందని తేలాకే ముందుకెళ్లాం. నీటికాసుల సర్జన్ ఉన్న పెద్ద ఆస్పత్రికి పంపుతూ చీటీ మీద మూడు మాటలు రాశాం: కంటి వెనక ఇంజెక్షన్ వద్దు, చుక్కల మత్తుతో చేయండి; అదే రోజు, మరునాడు ఒత్తిడి చూడండి; పేషెంటుకు లేని దృశ్యాలు కనబడతాయి, మతి బాగుంది. మూడోది రాయకపోతే ఆపరేషన్ తర్వాత రాత్రి వార్డులో ఎవరో ఒకరు మళ్లీ హాలోపెరిడాల్ ఇచ్చే అవకాశం ఉంది.

కుడి కంటి చూపు 6/24కు వచ్చింది. రోజూ వచ్చే గళ్లు వారానికి ఒకటి రెండు సార్లు, కొన్ని నిమిషాలకు తగ్గాయి.

నీలం సంగతి

ముదిరిన గోధుమ శుక్లం నీలం కాంతిని చాలావరకు అడ్డుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు ఈయనకు నీలం నూలు చిలపలు అరడజను చూపించి, నేల మీద కనబడే నీలం వీటిలో ఏదని అడిగాం. "ఇవన్ని బూడిదనే" అన్నాడు. అంటే ఆ సమయంలో బయటి నుంచి శుభ్రమైన నీలం ఆయన రెటీనాకు సరిగ్గా చేరడం లేదు, అయినా శుభ్రమైన నీలం కనబడుతోంది.

ఆపరేషన్ తర్వాత కుడి కన్ను ఒక్కటే తెరిచి చూస్తే తెల్ల గోడ నీలిమందు వేసిన ధోవతిలా ఉందన్నాడు. ఎడమ కంటికి అదే గోడ పాత కాగితంలా ఉంది. ఒకే గోడ, ఒకే వెలుతురు, రెండు కళ్లకు రెండు తెలుపులు. అప్పుడు అవే చిలపలు ఇస్తే ఒకటి ఏరి, నేల మీద కనబడే నీలం ఇదేనన్నాడు.

దీన్నుంచి ఎంత రాబట్టవచ్చో జాగ్రత్తగా చెప్పాలి. రంగు జ్ఞాపకం జారిపోయే సరుకు. నెలల కింద చూసిన నీలాన్ని ఇప్పటి నీలంతో పోల్చి ఒకటేనంటే, అద్దకం చేసిన మనిషి మాటైనా రుజువు కాదు. కంటి దారి మూసుకుపోయినా మెదడు నీలాన్ని చేయగలదు అన్నంతవరకు గట్టి మాట. ఆ నీలం ఈ చిలప నీలమే అన్నది గట్టి మాట కాదు.

ఆ తర్వాత జరిగింది దీనికంటే ముఖ్యం అనిపిస్తుంది. రెండు మూడు నెలల్లో కుడి కంటి నీలిమందు ఛాయ పోయింది, తెల్ల గోడ తెల్లగా అయింది. కంటిలో అమర్చిన కటకం మారలేదు. మెదడు తన తెలుపును కొత్త వెలుతురుకు తగ్గట్టు సరిచేసుకుంది. శుక్లం ముదురుతున్న ఏళ్లలోనూ ఇట్లాగే సరిచేసుకుంటూ వచ్చి ఉంటుంది, అందుకే లోకం పసుపెక్కుతోందని ఆయన ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు.

ఈ కేసు నుంచి ఏం తీసుకోవచ్చు

ఇంట్లోవాళ్లు చెప్పిన వివరణ ఒకటుంది: జీవితమంతా చిటికి పని చేశాడు, ఆ గళ్లే ఇప్పుడు గోడ మీదికి వచ్చాయి. వినడానికి బాగుంటుంది, నమ్మాలనిపిస్తుంది. కానీ మగ్గం ముఖం చూడని రైతుకు, టీచరుకు చూపు పోయినా గళ్లే కనబడతాయి. వాళ్లు ఇటుక గోడ అంటారు, కంచె అంటారు, చేపల వల అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త హైన్రిష్ క్లూవర్ 1920లలోనే మత్తు పదార్థాలు తీసుకున్నవారు చెప్పే ఆకారాలను నాలుగు రకాలుగా విడదీశాడు: గళ్లు, సాలెగూళ్లు, సొరంగాలు, సుడులు. 1979లో ఎర్మెన్‌ట్రౌట్, కోవన్ అనే పరిశోధకులు ఇవి మెదడు చూపు ప్రాంతంలోని కణాల అమరిక వల్లే పుడతాయని లెక్కలతో చూపించారు. కాబట్టి గళ్లు మెదడు నిర్మాణానివి. వాటిని చిటికిగా గుర్తుపట్టడం, నూలు లెక్కపెట్టడం, రెండు ముంపుల ఎరుపు అని పేరు పెట్టడం ఆ మనిషి బతుకువి. కేసు వింటున్నప్పుడు ఈ రెంటినీ వేరు చేయకపోతే ప్రతి దృశ్యం వెనకా ఒక కథ వెతుకుతాం, అసలు కారణమైన కంటిని మరిచిపోతాం.

మన దగ్గర ఈ వాదం పాతదే. ముత్యపు చిప్పలో వెండి కనబడితే, ఆ వెండి ఎక్కడో ఉన్న నిజమైన వెండేనని, జ్ఞాపకం దాన్ని ఇక్కడికి తెచ్చిందని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, అన్నారు. బౌద్ధ తత్వవేత్త వసుబంధుడు తన ఇరవై శ్లోకాల గ్రంథాన్ని మొదలుపెట్టిందే తిమిర రోగి ఉదాహరణతో: కంటి జబ్బు ఉన్నవాడికి లేని వెంట్రుకల చిక్కులు కనబడినట్టే, బయట వస్తువు లేకుండానే ఇదంతా కనబడుతోందని. మన పెద్దాయన కేసు వసుబంధుడి ఉదాహరణకు దగ్గరగా ఉంది. కానీ బయట వస్తువే లేదన్న వసుబంధుడి ముగింపు దాకా మనల్ని తీసుకెళ్లదు.

ఎందుకంటే చూడటం బయటి ప్రపంచం మీద "ఆధారపడటం" మూడు రకాలు. ఈ క్షణంలో ఎరుపు కనబడాలంటే ఈ క్షణంలో ఎర్రటి వస్తువు ఉండాలా? అక్కర్లేదు, +10 అద్దం తేల్చేసింది. ముదురు గులాబీ రంగును తీసుకున్నా అంతే, ఇంద్రధనుస్సులో దానికంటూ ఒక తరంగదైర్ఘ్యమే లేదు, అయినా రోజూ చూస్తున్నాం. రెండోది, చూసే శక్తి తయారుకావడానికి ప్రపంచం కావాలా? కావాలి. బోనే సిండ్రోమ్ చూపు ఉండి పోయినవారిది. పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకు ఆపరేషన్ చేసిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, 8 నుంచి 17 ఏళ్ల ఐదుగురిని పరీక్షించిన ఫలితం 2011లో వచ్చింది: చేత్తో తడిమిన ఆకారాన్ని చూపు రాగానే కంటితో గుర్తుపట్టలేకపోయారు, కొద్ది రోజుల్లో నేర్చుకున్నారు. మూడోది, తెలుపు ఎక్కడ నిలవాలి, ఏది నీలం వైపు మొగ్గింది అనే సరిచూపు ఎవరిది? ప్రపంచానిది. కుడి కంటి నీలిమందు ఛాయ పోయింది అందుకే.

నైయాయికులు ఇక్కడ అడ్డుపడి, ఆ నీలం ఒకప్పుడు ఏదో వస్తువు మీద చూసిందేనంటారు. ఒక్క పేషెంటు మాటతో దాన్ని కొట్టేయలేం. ఏ తొట్టిలోనూ తీయలేదని ఆయనన్నంత మాత్రాన ఎక్కడా చూడలేదని కాదు. అయితే వైద్యానికి ఆ తగువు తేలేదాకా ఆగనక్కర్లేదు. రంగు నిజంగా అనుభవంలో ఉంది, దాని కారణం కంటి వెనక ఉంది. చీటీ రాయడానికి ఈ రెండూ చాలు.

ఎడమ కంటి ఆపరేషన్ ఇంకా నిర్ణయించలేదు. అక్కడ మధ్య చూపు మిగల్లేదు, లాభం తక్కువ. పెద్దాయనకు తొందర లేదు.

కంటి శిబిరాల్లో పనిచేసేవారికి ఒక పద్ధతి. 2018లో, 2023లో తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు జరిగినప్పుడు ఊరూరా క్యూలు చూశాం. అంత రద్దీలోనూ 6/60 లేదా అంతకంటే తక్కువ చూపున్న పెద్దవారిని ఒక ప్రశ్న అడగవచ్చు. "లేనివి కనబడుతున్నాయా" అని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఇట్లా అడగాలి: "చూపు తగ్గిన చాలామందికి గళ్లు, రంగులు, తెలియని మనుషులు అవుపడ్తరు. అది కంటివల్ల వచ్చేదే, మతివల్ల కాదు. మీకు ఎప్పుడన్న అట్లైందా?" ఇంట్లోవాళ్లను కాసేపు బయట ఉంచి అడగండి. అవునంటే చప్పుడు, మాట కూడా వినబడుతున్నాయా, అవి లేవని తనకు తెలుసా, ఒళ్లు వణుకు ఉందా, కల్లు ఈ వారంలో ఆగిందా, కొత్త మందు ఏదైనా మొదలైందా అని చూసుకోండి. మాటలు వినబడుతున్నా, తికమక ఉన్నా, కల్లు ఈ మధ్యే ఆగినా ఫిజీషియన్ దగ్గరికి అదే రోజు పంపాలి. ఇవేవీ లేకపోతే కంటి ఆస్పత్రికి రాసే చీటీ మీద చూపు అంకెల కిందనే దృశ్యాల సంగతి, మతి తేటగా ఉందన్న సంగతి రెండూ రాయండి.